చెల్లెలి మూలుగ

తగ్గిందనుకున్న రక్త క్యాన్సర్ పద్నాలుగేళ్ల మా మనవడికి మళ్లీ వచ్చింది. ఈసారి ఉత్త మందులతో ఆగదని, సరిపోయే మనిషి మూలుగ ఎక్కించాలని హైదరాబాద్ డాక్టర్లు చెప్పారు. ఇంట్లో అందరికీ పరీక్ష చేస్తే వాడి చెల్లెలిది కుదిరింది. రోజూ టీవీ రిమోట్ కోసం వాడిని గిల్లే పిల్లది.

తుంటి ఎముకలోంచి మూలుగ తీస్తారని మా ఊరు నారాయణఖేడ్ వచ్చి మా ఆవిడకు చెప్పాను. మరునాటి నుంచి ఇంట్లో మటనే. "మూలుగ బొక్కలు ఏరి పెట్టమను, పిల్ల ఇయ్యాలె గద" అని నన్ను కటికె దుకాణానికి తోలేది. సంగతి తెలిసి ఆ దుకాణదారు వేరేవాళ్లకు వేయాల్సిన బొక్కలు కూడా మాకే దాచాడు. ఆ నెల నా డైరీలో వాన సంగతి తర్వాత మటన్ సంగతే.

డాక్టరుకు ఫోన్ చేశాను. "తిండితో మూలుగ పెరగదండీ. పాపకు జలుబు, జ్వరం రాకుండా చూసుకోండి, చాలు" అన్నారు. మా ఆవిడ రెండో మాటే విన్నది. పిల్లకు సైకిల్ బంద్, ఐస్‌క్రీమ్ బంద్. బొక్కలు మాత్రం బంద్ కాలేదు.

పప్పన్నం ముందు కూర్చున్న మనవడు అడిగాడు: "నాయినమ్మా, బీమారి నాకా, దీనికా?"

"సప్పుడు జెయ్యకు. నీ దవా దీని బొక్కలల్ల ఉన్నది."

"తాతా, మూలుగ ఇస్త గని ఇగ తిన," అన్నది పిల్ల.

పెద్ద ఆపరేషన్ అని ఊరంతా చెప్పాను. తీరా చూస్తే పిల్ల దగ్గర తీసి వాడికి ఎక్కించింది సెలైన్‌లా వేలాడే ఒక ఎర్ర సంచి. అది వాడి ఒంట్లో పట్టుకుంటుందో లేదోనని వారాలు ఎదురుచూశాం. పట్టుకుందని డాక్టరు చెప్పగానే "మటన్ పనిచేసింది" అన్నది మా ఆవిడ.

జలుబున్నవాళ్లెవరూ వాడి దగ్గరికి రావద్దన్న షరతు మీద ఇంటికి పంపారు. కొడుకూ కోడలూ వాడిని కారు దింపుతుండగా గడపలో పిల్ల తుమ్మింది. మా ఆవిడ దాన్ని బట్టలతో సహా ఎదురింటికి పంపింది. అక్కడి ఆమెను పిల్ల ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తుంది.

"నా మూలుగ లోపల కూసున్నది, నన్ను బయట పెట్టిండ్రు. గిదేం ఇన్సాఫ్?" అని పిల్ల ఖాలా గడపలోంచి అరిచింది.

"ముందు ముక్కు తుడుసుకో," అన్నాడు మాస్కు పెట్టుకుని కిటికీలో నిలబడ్డ మనవడు.

"రా బేటీ, తిందువు. నీ కోసమే మూలుగ బొక్కలు వండిన," అని లోపలి నుంచి ఖాలా పిలిచింది.

పిల్ల నా వైపు చూసింది. కిటికీలో వాడు మాస్కు పట్టుకుని నవ్వుతుంటే, "నవ్వకు, దగ్గొస్తది" అని మా ఆవిడ కసిరింది.