నాలుగూ వెలిగిన సిగ్నల్

కుడికి సిగ్నల్ వేసి, అద్దంలో చూసుకుని, కుడికి తిరిగినవాణ్ణి నేను. వెనకనుంచి వచ్చి గుద్దినవాడు అతను. తప్పు మాత్రం నాదని తేల్చారు.

పాలకొల్లు నుంచి కాలవ గట్టు మీద వస్తే, మా ఊరికి కుడివైపు వంతెన దాటాలి. ఆ మలుపులోనే జరిగింది. వెనకాల కొబ్బరికాయల లోడుతో ట్రక్కు ఆటో ఒకటి వస్తోంది, కాస్త దూరంలోనే ఉంది. సిగ్నల్ మీట కుడికి నొక్కి మోటారు సైకిలు తిప్పాను. అంతలో ఆ ఆటో నా కుడిపక్కనుంచే ముందుకు దూరింది. బండి ఒక పక్క, నేనొక పక్క. మోకాలి మీద చర్మం లేచిపోయింది.

ఆటో నడిపే మనిషి పక్క ఊరివాడే, నలభై దాటి ఉంటాయి. దిగి నన్ను లేవదీశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, ఇచ్చి అడిగాడు: "అదేంటి బాబాయ్‌గారూ, తిన్నగా వెళ్తానని నాలుగూ వేసి, కుడికి తిప్పేశారేంటండి?"

ఆ మాట నా బుర్రకెక్కలేదు. నాలుగు సిగ్నల్ లైట్లూ ఒకేసారి వేస్తే తిన్నగా పోతున్నట్టట. వంతెన పక్క టీ కొట్టు దగ్గర్నుంచి వచ్చినవాళ్ళంతా అవునంటే అవునన్నారు. నేను సైకిలు తొక్కే రోజుల్లో చెయ్యి చాపితే తిరుగుతున్నట్టు, చాపకపోతే తిన్నగా పోతున్నట్టు. ఈ కొత్త చట్టం ఎప్పుడొచ్చిందో, అది వచ్చిన రోజున నేనెక్కడున్నానో. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. నాలుగూ ఒకేసారి వెలిగించే మీట నా పాత బండికి లేనే లేదు. లేని మీట ఎలా నొక్కుతాను? అదే అడిగాను. కంగారులో ఏదో నొక్కేసుంటారు లెండి, పెద్దవారు, అంటూ ఒకాయన నా భుజం తట్టాడు. దెబ్బకంటే ఆ తట్టడం ఎక్కువ నొప్పెట్టింది.

ఇంటికెళ్ళేసరికి కబురు నాకంటే ముందే చేరింది. మా ఆవిడ బండి తాళం తీసుకెళ్ళి పోపుల డబ్బాలో పెట్టింది. ఆ ఆటో ఆయన వచ్చి మీ తప్పు లేదంటే అప్పుడిస్తాను, అంది. నాకు బండి లేకపోవడం కాదు బాధ. ఏది నొక్కుతున్నానో తెలియని స్థితికి వచ్చేశానా అని, ఆ రాత్రి నాకే అనుమానం వచ్చింది.

ఆ లైట్లు ఈమధ్యే నేనే బిగించాను. పాత సిగ్నల్ బల్బులు మసకబారిపోతే, బజారులో కొత్తరకం ఎల్‌ఈడీవి నాలుగు కొన్నాను. లైట్లని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్‌తో అవి గబగబా కొట్టుకుంటాయని, వాటికి సరిపడే కొత్త ఫ్లాషర్ కూడా కొట్టువాడే ఇచ్చాడు. బడి అయిదో తరగతితో ఆగిపోయినా, రేడియోలు విప్పి బిగిస్తూ వైర్ల సంగతి నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి. బిగించాక పరీక్ష కూడా చేశాను. ఎడమ నొక్కి ఎడమవైపు చూశాను, వెలిగింది. కుడి నొక్కి కుడివైపు చూశాను, వెలిగింది. ఎవరైనా అంతే కదా చూసేది.

మర్నాడు మా ఆవిణ్ణి బతిమాలితే, తాళం తనే తిప్పి, దాని మీదనుంచి చెయ్యి తియ్యకుండా నిలబడింది. కుడికి నొక్కాను. తను ముందుకీ వెనక్కీ వంగి చూసింది.

"నాలుగూ వెలుగుతున్నాయండి. ఎటు నొక్కారు?"

"కుడికే."

"మరి ఎడమవెందుకు వెలుగుతున్నాయి?"

మూడు రోజులు వైర్లు పట్టుకుని కూర్చున్నాను. చివరికి స్పీడు మీటరు దగ్గర లోపం దొరికింది. సిగ్నల్ వేశామని మనకి చూపించే చిన్న బల్బు ఆ బండికి ఒక్కటే, రెండు వైపులకీ అదే. దాని ఒక కొస కుడి వైరుకి, ఇంకో కొస ఎడమ వైరుకి. కుడికి వెళ్ళే కరెంటు కొంచెం ఆ బల్బులోంచి ఎడమకి జారుతుంది. పాత బల్బులు వెలగడానికి ఆ కొంచెం చాలదు. ఎల్‌ఈడీకి చాలు. ఆ చిన్న బల్బు పీకేశాను. కుడి నొక్కితే కుడివే వెలిగాయి. మా ఆవిడ కళ్ళారా చూసింది. చూసి కూడా, ఆ రోజు వెనకున్నది నేను కాదు కదండీ, అతనే చెప్పాలి, అని తాళం మళ్ళీ డబ్బాలో వేసింది.

ఆటో ఎక్కి పక్క ఊరెళ్ళాను. అతను కొబ్బరి రాశి దగ్గర లోడు ఎత్తిస్తున్నాడు. బల్బు అరచేతిలో పెట్టి, మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. అతను బల్బు తీసుకుని ఎండకి పెట్టి చూశాడు, శ్రద్ధగా విన్నాడు, మధ్యమధ్య అవునండి అవునండి అన్నాడు. నేను వేసింది కుడి సిగ్నలే, నాలుగూ వెలిగింది బండి వల్ల. ఇప్పుడు చెప్పు బాబూ, తప్పు నాదేనా, అని అడిగాను. అతను బల్బు జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసి అన్నాడు:

"మీ తప్పేం లేదండి బాబాయ్‌గారూ, పిన్నిగారికి నేనే వచ్చి చెప్తాను. తిన్నగా వెళ్దామనుకుని నాలుగూ వేశారు, ఆఖర్న మనసు మార్చుకున్నారు. పెద్దవాళ్ళకి అది మామూలేనండి."