మళ్లీ జరుగుతుందని రాసిచ్చాను

మా అమ్మాయికి ఓర్పు ఎలా నేర్పాలో గద్వాలలో మా వీధి మొత్తానికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. "మగ్గం కాడ కూసోవెట్టు, అదే నేర్చుకుంటది" అని మా అత్తమ్మ. "నాలుగు తగిలిస్తే అన్నీ వస్తయి" అని ఎదురింటి పెద్దాయన. "మా కాలంల గివన్నీ యాడున్నయి?" అని పాలు పోసే ఆమె. పదిహేనేళ్ల పిల్ల ఎదురుగా నిలబడి ఉండగానే ఇవన్నీ అనేవారు, దానికి చెవులు లేనట్టు.

పిల్ల సంగతి నేను దాచను. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర్చోనైనా కూర్చోకముందే "ఎప్పుడు పోతవు?" అని అడుగుతుంది. పాలు పొంగుతుంటే ఒట్టి చేత్తో గిన్నె పట్టుకుంటుంది. తర్వాత గదిలోకి వెళ్లి ఏడుస్తుంది. వీధికి ఆ పొగరు కనిపించింది గానీ ఈ ఏడుపు ఎప్పుడూ కనిపించలేదు.

నిజం చెప్పాలంటే నేనూ వీధి మాటే నమ్మాను. నిరుడు ఎండాకాలం సెలవుల్లో దాన్ని మగ్గం దగ్గరికి తీసుకొచ్చాను. చీర నేయడం పూర్తయ్యాక కోయడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నేసిన బట్టను మాత్రమే కోస్తాం. మగ్గంలో మిగిలిన పోగుల కొసలను ముట్టుకోం. కొత్త చీరకు పడుగు, అంటే నిలువు పోగుల వరస, వచ్చాక దాని పోగులను ఒక్కొక్కటిగా ఆ పాత కొసలకే అతుకుతాం. ఆ కొసలు ఊడిపోయాయంటే దువ్వెన లాంటి పన్నెలో వేల పోగులను మళ్లీ మొదటినుంచి దూర్చుకుంటూ రావాలి.

ఓర్పు వస్తుందని కత్తెర పిల్ల చేతికే ఇచ్చాను. మా ఆయన వద్దన్నాడు, వినలేదు. పిల్ల బట్టను తిన్నగా, చక్కగా కోసింది. మెచ్చుకుందామని నేను నోరు తెరిచేలోపు, వేలాడుతున్న కొసలను గుప్పిట పట్టి సర్రున లాగేసింది. నేను "ఆగు" అనేసరికి పన్నె సగం ఖాళీ అయిపోయింది.

"ఎందుకు గుంజినవే?"

"తెల్వదమ్మా. గుంజాలనిపించింది. గుంజినంక తెలిసింది."

నేను కొట్టాను. రెండు దెబ్బలు, గట్టిగా. మగ్గం మీద బతికే ఇంట్లో అది చిన్న తప్పు కాదు కదా అని ఆ పూటకు నన్ను నేను సమర్థించుకున్నాను. కానీ "గుంజినంక తెలిసింది" అన్న మాట నన్ను వదల్లేదు. అబద్ధం ఆడే పిల్ల అలా చెప్పదు. తెల్లారి మగ్గాన్ని అలాగే వదిలేసి, పిల్లను వెంటబెట్టుకుని వనపర్తి బస్సెక్కాను. పిచ్చిదాన్ని చూపించడానికి పోతున్నామని అప్పటికే వీధిలో అందరికీ తెలిసిపోయింది. తెలియనీ అనుకున్నాను.

బీచుపల్లి వంతెన మీద బస్సులో అందరూ కృష్ణలోకి చిల్లర విసిరారు. మా పిల్ల దగ్గర చిల్లర లేదు. తలలోని క్లిప్పు తీసి విసిరేసింది. జుట్టంతా ముఖం మీద పడింది. నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. పెబ్బేరు దాకా ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

దవాఖానలో మనసు వైద్యం చూసే డాక్టరమ్మ పిల్లతో చాలాసేపు మాట్లాడింది. చిన్నప్పటి సంగతులన్నీ నన్ను అడిగింది. ఏడీహెచ్‌డీ అని చెప్పింది. "తప్పేదో ఆమెకు తెలుసమ్మా. అది గుర్తొచ్చేలోపే చెయ్యి కదిలిపోతుంది. జరిగిపోయాక తిట్టి లాభం లేదు. కోపం వస్తే ఏం చెయ్యాలో కోపం లేనప్పుడే ఇద్దరూ కూర్చుని అనుకోండి. పని కొంచెం కొంచెంగా ఇవ్వండి, మధ్యలో లేచి తిరగనివ్వండి. చెయ్యబోయి ఆగినప్పుడల్లా చూశానని చెప్పండి" అంది. మందు కూడా రాసింది. వాడుతున్నాం. ఆ మందు మీద కూడా మా వీధికి ఒక అభిప్రాయం ఉంది, వాళ్ల దగ్గరే ఉంచుకోమన్నాను.

మా పెంపకంలో లోపం లేదని కూడా ఆమె చెప్పింది. ఆ మాట విని నేను దవాఖాన బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పదేళ్లుగా అందరూ వేలు చూపించింది నా వైపే మరి.

ఇంటికొచ్చాక మగ్గం పని పట్టుకున్నాం. పన్నెలో పోగులు దూర్చడానికి ఇద్దరు కావాలి. వెనక కూర్చున్నవాళ్లు ఒక్కో పోగు అందిస్తుంటే ముందున్నవాళ్లు కొక్కెంతో లాక్కోవాలి. అందించడానికి అత్తమ్మ సిద్ధమైంది. నేను పిల్లనే కూర్చోబెట్టాను. "మల్ల గుంజితే?" అంది అత్తమ్మ. "మల్ల దూర్చుకుంటం" అన్నాను.

ఇరవై పోగుల దాకా చక్కగా అందించేది. ఆ తర్వాత కాళ్లు ఊగడం మొదలయ్యేది, చేతులు పోగులను మెలిపెట్టేవి. అప్పుడు నేనే "లే" అనేదాన్ని. వీధి చివరి దాకా ఉరికి వచ్చి మళ్లీ కూర్చునేది. రోజున్నరలో అయ్యే పనికి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ మా గడప ముందు జనం తమాషా చూశారు. రెండోనాడు పిల్ల గుప్పిట బిగించి, పోగులకేసి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని లేచి బయటికి ఉరికింది. చూశానని చెప్పాను. దానికి ఓర్పు వచ్చిందని నేననను. ఎంతసేపు కూర్చోగలదో నాకు తెలిసింది, అంతే.

బడికి ఇవన్నీ ఎవరు చెప్పాలి? నేనే వెళ్లి చెప్పాను. సార్లు తలూపారు, మరిచిపోయారు. పదో తరగతిలో, దసరా సెలవులయ్యాక, పక్క బెంచీ అమ్మాయి దీన్ని "మెంటల్" అంది. ఇది స్టీలు బాటిల్ విసిరింది. కిటికీ అద్దం పగిలింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను వెళ్లేసరికి పెద్దసారు టేబుల్ మీద టీసీ రాసి పెట్టి ఉంది. పదో తరగతి మధ్యలో టీసీ ఇస్తే ఏ బడి చేర్చుకుంటుంది? మా వీధిలో ఆడపిల్ల చదువు ఒకసారి ఆగితే మళ్లీ మొదలైంది నేను చూడలేదు.

"తీస్కపోండమ్మా, మాతోని కాదు" అన్నాడు పెద్దసారు.

"నేను తీస్కోను సార్. అద్దం కొత్తది ఏపిస్త. ఇసిరినందుకు నా బిడ్డ ఆ పిల్లకు మాఫీ చెప్తది. మెంటల్ అన్నందుకు ఆ పిల్ల గూడ చెప్పాలె. కోపమొచ్చినప్పుడు మా బిడ్డ బయటికి పోతనని చెయ్యి లేపి అడుగుతది, అప్పుడు రెండు నిమిషాలు బయటికి పంపుండ్రి. గంతే నేనడిగేది."

"అందరు పిల్లలు గట్లనే అడుగుతరు."

"అవసరమున్నోళ్లకు ఇయ్యుండ్రి సార్. ఏం పోతది?"

ఆయన టీసీని కొంచెం పక్కకు జరిపాడు. తెల్లకాగితం ఒకటి నా ముందుకు తోశాడు. ఇంకెప్పుడూ ఇలా జరగదని రాసి సంతకం పెడితే ఉంచుకుంటామన్నాడు. పిల్ల నా పక్కనే నిలబడి కాగితం వైపే చూస్తోంది. ఆ ఒక్క వాక్యం రాసేస్తే పని అయిపోతుంది. కానీ అది అబద్ధం. రేపు ఆ అబద్ధాన్ని మోయాల్సింది నేను కాదు, పిల్ల. పెన్ను తీసుకుని ఇలా రాశాను: "మళ్లీ జరుగుతుంది. మునుపటికన్నా తక్కువసార్లు జరుగుతుంది. జరిగినప్పుడల్లా నన్ను పిలవండి, వస్తాను. టీసీ తీసుకోను."

పెద్దసారు రెండుసార్లు చదివాడు. "గిదేం హామీ అమ్మా?"

"నేను నిలబెట్టుకునేటిది గిదొక్కటే సార్."

ఏమనుకున్నాడో, కాగితాన్ని ఫైల్లో పెట్టి టీసీని చింపేశాడు. బయటికొచ్చాక పిల్ల "మల్ల జరుగుతదని రాస్తే ఎట్లమ్మా?" అని నా మీద కోప్పడింది. కోప్పడనీ.

ఆ తర్వాత బడి నన్ను రెండుసార్లు పిలిచింది. రెండుసార్లూ కండెలు చుట్టే పని మధ్యలోనే వదిలేసి వెళ్లాను. నాకేమీ చిన్నతనం అనిపించలేదు. మూడోసారి పెద్దసారు నంబర్ నుంచే ఫోన్ వచ్చింది. మళ్లీ ఏం పగిలిందోనని ఎత్తాను. మాట్లాడింది సారు కాదు, నా బిడ్డ.

"అమ్మా, కొట్టాలనిపిస్తుంది. ఇంకా కొట్టలే. జల్ది రా."