పై వీధి మనిషి

అమ్వాజ్‌లోని ఆ ఫ్లాటు నుంచి వచ్చిన కంప్లయింటు, ఏసీ చల్లబడటం లేదని. రిపేరుకు నేను వెళ్లేసరికి అది నిక్షేపంలా పనిచేస్తోంది. తలుపు తీసిన పనిమనిషిది గోదావరి వైపు. ఏమాత్రం మొహమాటం లేకుండా చెప్పేసింది.

"ఏసీకేం రోగం లేదన్నయ్యా. బయటి మనిషి కావాల్సొచ్చి అలా రాయించాను. పన్నెండు కొట్టేలోపు వస్తారో రారోనని నా ప్రాణం కొట్టుకుపోయిందనుకోండి."

బయటి మనిషి కావలసింది ఆ ఇంటి ముసలావిడకు. ఆమెది బొలీవియా కొండల్లో ఒక చిన్న పల్లె. కూతురి ఉద్యోగం వెంట ఈ అరబ్బు దేశానికొచ్చింది. ఆమె భాష పనిమనిషికి కొన్నేళ్లుగా వంటింట్లో అబ్బింది. ఊరి సంగతులు నాకు తెలిసింది ఈమె నోటనే.

ఆ ఊరి చరిత్ర పెద్దదేం కాదు. తగరం గని తెరిచారు, ఊరు పుట్టింది. గని మూశారు, ఊరు ఆ సంగతి పట్టించుకోకుండా ఉండిపోయింది. ఉన్నవి రెండు వీధులు, పైది, కిందిది. చర్చి గంటను ఎవరి వైపు తిప్పి కట్టాలన్న తగాదా, గంట పగిలిపోయాక కూడా సాగింది. పెళ్లిళ్లకు పిలుచుకోరు, నీళ్ల దగ్గర మాట్లాడుకోరు. అయితే ఏటా నవంబరులో చనిపోయినవాళ్లు ఒక రోజు ఇంటికొస్తారని వాళ్ల నమ్మకం. పోయినవాళ్లకు మూడేళ్లు బల్ల మీద భోజనం పెట్టి, మూడో ఏడు పట్టపగలు పన్నెండింటికి శాశ్వతంగా సాగనంపుతారు. ఆ ప్రార్థన సొంత వీధివాళ్లు చేస్తే చెల్లదు. అవతలి వీధివాళ్లే చేయాలి. అందుకని ఆ ఊళ్లో ఎవరినీ మరీ తెగేదాకా తిట్టరట. రేపటి అవసరాన్ని మనసులో పెట్టుకుని తిడతారట.

ముసలావిడది కింది వీధి. ఆమె భర్తకు ఇది మూడో ఏడు.

"గీ పని నువ్వే జెయ్యరాదా చెల్లె?" అన్నాను.

"నేనీ ఇంట్లో తింటున్నాను కదా, చెల్లదంట. మీరు ఊరవతల నయీమ్ నుంచొచ్చారు, మీరే పై వీధి. ఏ భాషైనా పర్లేదంట. ఆయన పేరు మాత్రం పైకి చెప్పాలంట."

"నాకు మంత్రాలు రావు."

"మంత్రాలెవరడిగారు? క్షేమంగా వెళ్ళి రమ్మనండి... అయ్యో, రమ్మనకండి! వెళ్ళమనండి, చాలు."

బల్ల మీద మనిషి ఆకారంలో కాల్చిన రొట్టెలు, బంగాళాదుంపల కూర, ఆయన ఫొటో ఉన్నాయి. చేతులు జోడించాను. "ఇగ నిమ్మళంగ పో," అని పేరు చెప్పాను.

చెప్పింది నా భార్య పేరు. ఆమె నిరుడు పోయింది. నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. బతికుండగా ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. మా ఇళ్లలో పిలవరు.

నా ప్రార్థనలో ముసలావిడకు అర్థమయ్యే మాట భర్త పేరొక్కటే. అది వినపడలేదు. గడియారం చూసి పనిమనిషి మీద విరుచుకుపడింది.

"ఎవరిని పంపించేశారని అడుగుతోందన్నయ్యా!"

"మా ఇంటామెను," అన్నాను.

పనిమనిషి ఆ మాట చేరవేసింది. ముసలావిడ నా వైపు తిరిగింది. ఓదారుస్తుందేమోనని భయపడ్డాను. ఓదార్చలేదు. మళ్లీ చెయ్యమని బల్ల వైపు వేలు చూపించింది. ఈసారి ఆమె పెదాలు చూస్తూ పేరు సరిగ్గా పలికాను. అప్పటికింకా పన్నెండు కాలేదు. ఆయన వెళ్లిపోయాడని నమ్మకం కుదిరాక ఆమె కుర్చీలో కూలబడింది.

వచ్చేటప్పుడు నా చేతిలో రెండు రొట్టెలు పెట్టింది.

"ఒక దండానికి ఒక రొట్టెంట. మీరు రెండు పెట్టారు కదా. పై వీధోళ్ళ చేత మాట పడరంట," అంది పనిమనిషి.

ఒకటి బండిలోనే తిన్నాను. రెండోది మా ఇంటామె దండానిది. సొంత మనిషిని, దాన్ని నేను తినవచ్చో లేదో అడగడం తోచలేదు.