గడియారాల వదిన చేతిలో వాట్ మీటరు

గడియారాల వదిన అన్న పేరు ఆమెకు మరిది పెట్టాడు. పెళ్ళయిన కొత్తలోనే బజారు మలుపులో గడియారాలు బాగుచేసే కొట్టు తెరిచింది. మరిది బస్సు డ్రైవరు. డ్యూటీ దిగితే చాలు, డాబా మీది గదిలో రేడియో సెట్టు ముందు కూర్చుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో కబుర్లాడతాడు.

ఒక ఆదివారం మొహం వేలాడేసుకుని కొట్టుకొచ్చాడు. చేతిలో వాట్ మీటరు. సెట్టు నుంచి ఏరియల్‌కు ఎంత పవరు పోతోందో ముల్లుతో చూపించే పెట్టె అది.

"స్విచ్ తక్కువ పవరు కొలిచే చిన్న రేంజిలో ఉంది వదినా. చూసుకోకుండా మైకు నొక్కేశాను. ముల్లు టపీమని చివర కొట్టుకుని వంగిపోయింది."

"బస్సు కూడా ఇలాగే నడుపుతావా?" అంటూ అందుకుంది.

మూత తీయబోయి ఆగింది. గడియారాలు విప్పే బల్ల నిండా కంటికి ఆనని ఇనుప రజను. మీటరు లోపల ఉండేది అయస్కాంతం. ఒక్క నలుసు అంటుకున్నా ముల్లు కదలదు. జిగురు టేపుతో బల్లంతా అద్ది, తెల్ల కాగితం పరిచి, ఇత్తడి పట్టకారు తీసింది. వెంట్రుకలాంటి స్ప్రింగు జోలికి పోకుండా, ముల్లును మొదట్లో పట్టి ఉంచి కొసను కొద్దికొద్దిగా సరిచేసింది. చిన్న సెల్లుకు కరెంటు తగ్గించే పెద్ద రెసిస్టరు కలిపి తాకిస్తే ముల్లు సరిగ్గా నడిగీత మీద నిలిచింది.

"మళ్ళీ కొట్టుకుంటే? దీనికి అడ్డం ఏమీ లేదా?" అని అడిగింది.

"ఉంది. మీటరు రెండు కొనల మధ్య రెండు డయోడ్లు ఒకదానికొకటి తిరగేసి పెడితే, ఎక్కువైన కరెంటు వాటి గుండా పోతుంది."

"తెలిసీ పెట్టలేదా? నీకో దండం!"

సాయంత్రానికి డాబా గదిలో కూర్చుని పెట్టేశాడు. తీరా వదినను పిలిచి మైకు నొక్కితే ముల్లు సగం దూరమే పోయి ఆగింది. "నువ్వు సరిచేసినప్పుడే ఏదో అయ్యుంటుంది," అని నసిగాడు.

వదినకు చురుక్కుమంది. "నా చేతికి వంక పెట్టకు," అంటూ సెట్టు ఆపించి, మళ్ళీ సెల్లు తాకించింది. ముల్లు నడిగీత మీదికే వచ్చింది. "చూశావా, నిక్షేపంలా ఉంది. నువ్వు మైకు నొక్కినప్పుడే తేడా. ఆ సంగతి నువ్వే చూసుకోవాలి."

మరిది కాసేపు బుర్ర గోక్కుని గబుక్కున లేచాడు. "రేడియో తరంగాలు డయోడ్లలోకే దూరుతున్నాయి వదినా!" వాటి పక్కనే, ఆ తరంగాలను దారి మళ్ళించే చిన్న కెపాసిటరు అతికించాడు. ఈసారి ముల్లు చూపించాల్సినంతా చూపించింది.

తర్వాత రేడియో మిత్రులంతా ఇంకా దూరం మాట్లాడాలని సెట్లూ, మరిది మీటరూ మోసుకుని ఊరి పక్క గుట్ట ఎక్కారు. వాళ్ళలో ఒక మాటల పోగు, రేంజి మార్చడం మరిచి మైకు నొక్కాడు. ముల్లు చివరిదాకా పోయింది. మైకు వదలగానే బుద్ధిగా సున్నాకు వచ్చింది. ఎక్కడా వంపు లేదు. అందరూ మరిది వీపు తట్టారు.

"డయోడ్లు నావి, ముల్లు మా వదినది," అన్నాడతను.

అప్పటినుంచి కొట్టుకు మీటర్లు రావడం మొదలైంది. ఆమె షరతు ఒక్కటే: "తెచ్చేటప్పుడు రెండు కొనలూ తీగతో కలిపి కట్టండి, దారిలో ముల్లు ఊగదు. వాడేముందు ఆ తీగ తీసేయండి." కట్టకుండా తెచ్చినవాళ్ళకు తిట్లు తప్పేవి కావు.

కొట్టు బోర్డు మీద గడియారాల కింద మీటర్ల మాట కూడా చేర్చాలని భర్త రంగు డబ్బా పట్టుకొచ్చాడు. "ఏ మూలన రాయమంటావ్?" అని అడిగాడు.

"మూలనెందుకు? పెద్ద అక్షరాలతో మధ్యలో రాయండి," అంది.