వెనక సీటు చూసింది నేను

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మా ఆయన పక్కన, బండి ముందు సీట్లో నేను కూర్చున్నది ఒక్కసారే. పురిటి నొప్పులొచ్చిన రోజు. కొండలు చూసే తీరిక అప్పుడు నాకు లేదు.

మాకు హుకుంపేటలో కిరాణా కొట్టుంది. సంతలో పసుపు, మిరియాలు కూడా కొంటాం. ఈ ఏజెన్సీ రోడ్ల మీద బండి ఉన్నవాడికి చెయ్యెత్తని మనిషి ఉండడు. ఆపకుండా పోతే పరువుండదు. ఎక్కినవాళ్లలో పెద్దమనిషికి ముందు సీటివ్వడం మర్యాద. పూజారిగారో, మాస్టారో, ఎవరూ లేకపోతే మా బావగారో. నేను వెనకాల మూటల మధ్య. మర్యాద అందరిదీ, నడుం నొప్పి నాది.

అందుకే పాత జీపు అమ్మేశాక రెండు తలుపుల బండే కావాలని నేను పట్టుబట్టాను. అరకులో ఒక రిసార్టు ఆయన దగ్గర అలాంటిది అమ్మకానికుంది. ఎర్రది, పొట్టిది, సెకండ్ హ్యాండ్ కాబట్టి మాకు అందే ధరే. కుర్రతనం నుంచీ మా ఆయనకి స్పోర్ట్స్ కార్ల పిచ్చి. ఆయన ముచ్చట ఆయనది, నా ముచ్చట నాది.

"మనిద్దరమే తిరిగే బండి. ముందు సీటు నాది," అన్నాను.

"నీది కాపోతే ఇంకెవుల్ది?" అన్నారు.

నడిపి చూడ్డానికి వెళ్లిన రోజు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కూడా వచ్చారు. బళ్ల గురించి ఆయనకి బాగా తెలుసు. తెలియని విషయం ఒకటుందని ఆయన ఇంతవరకూ చెప్పలేదు. కుండ కొనేవాళ్లలా బానెట్ మీద రెండుసార్లు కొట్టి, టైరుని కాలితో తన్ని, తిన్నగా వెళ్లి ముందు సీటు తలుపు తీశారు. మా ఆయన ఆ సీటు వంచి, వెనకనున్న బుల్లి సీటుకి దారి చేసి నా వైపు తిరిగారు.

"నువ్వు సన్నంగుంటావు కదా, బేగి ఎక్కేయ్."

ఎక్కాను. ఒళ్లు మండిపోయింది గానీ, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే పోట్లాడే చోటు కూడా లేదు.

అనంతగిరి వైపు బయల్దేరాం. వెనక కిటికీ సమోసా ఆకారంలో, ఇంచుమించు సమోసా అంతే ఉంది. అందులోంచి రోడ్డు పక్క గోడ కనిపించింది. సున్నం కొత్తగా వేశారు. ముందున్న ఇద్దరూ లోయ చూస్తూ మైలేజీ, పికప్, బ్రేకులు మాట్లాడుకున్నారు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి అడుగు గీసుకుంది. మలుపుల్లో మాత్రం అటూ ఇటూ ఊగలేదు. నేనైతే అసలే ఊగలేదు, చోటుండాలిగా.

"వెనకాల ఎలాగున్నాదమ్మా?" అన్నారు బావగారు, తల తిప్పకుండానే.

"బాగున్నాది బావగారూ," అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసిందో! మా ఆయన అద్దంలో నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. ఇచ్చిన మాట ఆయనకి గుర్తుంది, అన్నగారి ముందు నోరు పెగల్లేదు. అది తెలిశాక నాకు ఏడుపొచ్చింది.

గాలికొండ దగ్గర కాఫీకి ఆగాం. గ్లాసు ఖాళీ అయ్యేసరికి బావగారు తీర్పు చెప్పేశారు.

"బండి మంచిదేరా. కానీ ఏటి లాభం? నలుగురెక్కలేరు. వద్దనీసెయ్."

మా ఆయన తలూపారు. అంటే మళ్లీ జీపే. మళ్లీ మూటలే.

నేను లేచి వెళ్లి ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. బావగారు తలుపు దగ్గరకొచ్చి, నేను దిగుతానని నిలబడ్డారు.

"ఏటమ్మా?"

"వెనక సీటు నేను సూసీసినాను బావగారూ. పూర్తిగా సూడకుండా వద్దంటే ఎలాగ? మీరూ ఓపాలి సూడండి."

బావగారు తమ్ముడి వైపు చూశారు. మా ఆయన తన సీటు వంచి అన్నగారికి దారిచ్చారు. బావగారు ముందు తల, తర్వాత పొట్ట, ఆఖరికి కాళ్లు లోపలికి తెచ్చుకుని నా వెనక సర్దుకున్నారు.

బండి అరకు వైపు తిరిగింది. కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, ఎక్కడో కింద రైలు పట్టాలు. ఇన్నేళ్లూ నేను తిరిగిన దారిలోనే ఇవన్నీ ఉన్నాయట.

"సీటు ఓ రవ్వ ముందుకి జరుపుతావేటమ్మా?" అని వెనక నుంచి సన్నగా వినిపించింది.

"ఇంకో పది మలుపులే బావగారూ," అన్నాను.

రెండు మలుపులు దాటాక మా ఆయన గొంతు సవరించుకున్నారు. "అన్నయ్యా, ఈ బండే తీసుకుంటన్నాను. ముందు సీటు మీ మరదల్ది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. లోయ మసకబారుతోందని గబగబా తుడుచుకున్నాను.