మా అత్త ఒగ్గిన మెట్టు

ఒలే అమ్మలూ, ఒరే నాయనా, ముందే సెప్తన్నాను. గాలీ ధూళీ అంటే నాను ఏనాడూ నమ్మినదాన్ని కాదు. మీ తాత పోర్టులో నైట్ డ్యూటీకెళ్తే ఇంట్లో ఒక్కదాన్నే పడుకున్నదాన్ని. అయినా ఇది సెప్పకుండా ఉండలేకపోతన్నాను. బయ్యంతో కాదు, సంబరంతో.

మొన్న ఫోన్లో నా మోకాళ్ళ గురించి ఇద్దరూ బెంగెట్టుకున్నారు కదా. అందుకే సెప్తన్నాను.

అది డెబ్బై తొమ్మిదో సమచ్చరమో, ఎనభయ్యో. సింహాచలం కొండ కింద ఉండేవాళ్ళం. మా అత్త, అంటే మీ తాత వాళ్ళమ్మ, కొండమీద అనాస తోటల్లో పన్జేసింది. పళ్ళగంప నెత్తినెట్టుకుని మెట్లమ్మట దిగేది. అలాగ నలభై ఏళ్ళు. ఓపాలి గంప జారి కుడిసేతి ఉంగరం వేలు విరిగింది. వంకరగానే అతుక్కుపోయింది.

ముసల్దయ్యాక మోకాళ్ళు పోయాయి. ఏడిసిందేటి? లేదు. "మోకాళ్ళూ కోడళ్ళూ ఒకటేనే, పొద్దున్నే మాటినవు" అని నన్ను సూసి నవ్వేది.

సింహాచలం మెట్లకి ఆడాళ్ళు మొక్కుకుని బొట్లెడతారు కదా. మెట్టు మెట్టుకీ పసుపు రాసి, మూడు వేళ్ళు కుంకంలో ముంచి ఒక్కసారే అద్దుతారు. పెళ్ళవాలనో, పిల్లలు పుట్టాలనో. అత్త కూడా మొదలెట్టింది. మోకాళ్ళు బాగవ్వాలని మొక్కుకుందేమో అనుకున్నాం. కాదంట.

"ఇన్నేళ్ళు ఈ మెట్లు నన్ను మోసినాయి. పోయేముందు సెప్పి పోవద్దా?" అంది.

శనివారం శనివారం వెళ్ళేవాళ్ళం. ఓపికుంటే ఇరవై మెట్లు, లేకపోతే ఆరు. కిందటి వారం ఎట్టినవన్నీ మళ్ళీ ఎక్కితేగాని కొత్త మెట్టు రాదు. నాను నీళ్ళ సెంబు పట్టుకుని ఎనకాల. ఆవిడ బొట్లు ఎక్కడున్నా తెలిసిపోయేవి. రెండు సుక్కలు పక్కపక్కన, మూడోది కిందకి జారిపోయి ఉండేది, ఆ వంకర వేలు మూలాన.

కొండమీద నీళ్ళ ఊట ఉంది సూడండి, ఆ గంగధార దాకా రావడానికి ఏడాది పైన పట్టింది. అక్కడే పడిపోయింది. మోకాలు గుమ్మడికాయలా వాసిపోయింది. మంచం దిగొద్దన్నాడు డాక్టరు. దిగడం సంగతలా ఉంచండి, లేసి కూకోడానికే ఇద్దరం పట్టాలి. కిటికీలోంచి కొండకేసి సూస్తా ఉండేది, అంతే. నొప్పని ఒక్క మాట అన్లేదు.

మిగతావి నాను ఎట్టేత్తానన్నాను.

"వద్దు. నా నడక నువ్వు నడుత్తావేటే?" అంది.

నాను ఇన్లేదు. ఆవిడ పోయేలోపల మొక్కు తీరాలని నా ఆత్రం. ఓ శనివారం పొద్దున్న అత్త నిద్దరోతంటే, తలగడ కింద కుంకం డబ్బా సప్పుడవ్వకుండా తీసీసి, పక్కింటి సూరమ్మని దగ్గర కూకోబెట్టి వెళ్ళిపోయాను.

ముందురోజు రాత్రంతా వాన. మెట్లు కడిగేసినట్టున్నాయి, ఒక్క బొట్టు మిగల్లేదు. గంగధార దాటాను. తరవాత మెట్టుకి పసుపు! తడి ఆరలేదు. మూడు బొట్లు, మూడోది కిందకి జారింది.

దాని పై మెట్టుకీ అంతే. ఆ పైదానికీ అంతే. ఒలమ్మా, నాను పరిగెత్తినాను. రొప్పుకుంటా, నవ్వుకుంటా, ఎందుకు నవ్వుతన్నానో నాకే తెలీకుండా. ఎన్నెక్కినా అవే బొట్లు. ముందర మనిషన్నది లేదు. పైన పూలమ్మేదాన్ని అడిగితే, వానకి పొద్దున్నుంచీ మెట్లమ్మట ఎవరూ రాలేదంది.

ఆకరి మెట్టు ఒక్కటే శుభ్రంగా ఉంది. పసుపు లేదు, బొట్టు లేదు. నాను కూకుని, డబ్బా మూత తీసి, దానికి బొట్టెట్టినాను.

ఇంటికొస్తే సూరమ్మ మొహం పాలిపోయుంది. నాను వెళ్ళిన కాణ్ణుంచీ అత్త కళ్ళు మూసుకునే కొండెక్కుతన్నట్టు ఆయాసపడిందంట, పోతందేమో అనుకుందంట. ఇందాకే నెమ్మదించిందంట.

అత్త కళ్ళు తెరిసింది. డబ్బా ఇంకా నా కొంగులోనే దాపెట్టుంది.

"ఎట్టినావా?" అంది.

ఏటని అడిగినాను.

"పైమెట్టు. నీకని ఒకటి ఎట్టకుండా ఒగ్గినాను."

ఆ తరవాత మళ్ళీ కొండకేసి సూళ్ళేదు. కార్తీకంలో ఓ పొద్దున్న టీ తాగి, పంచదార తక్కువేసినానని నన్ను ఓ మాటని, గోడకేసి తిరిగి పడుకుంది. అంతే, పోయింది.

ఎవరెట్టారో ఇన్నేళ్ళయినా నాకు తెలీదు. అలాంటి వేలున్న ఆడమనిషి ఇంకోర్తి ఉందేమోనని ఎన్ని సేతులు సూసినానో. కనబళ్ళేదు.

ఇప్పుడు నా మోకాళ్ళకీ మాటినడం పోయింది. మీరు బెంగెట్టుకోకండి. నానూ మొదలెట్టినాను. మొన్న శనివారానికి పన్నెండు మెట్లయినాయి. ఎక్కడిదాకా వత్తానో, ఎక్కడ ఆగిపోతానో. మీరొచ్చినప్పుడు మాత్రం పైదాకా ఎక్కి సూడండి. నా వేళ్ళు వంకర కాదు. మూడు సుక్కలూ తిన్నగా ఉంటే అవి నావి.