పారాణి పూసుకున్న కీబోర్డు

ఉద్యోగం కొత్త, జీతం చిన్నది, పిచ్చి మాత్రం పెద్దది. అప్పట్లో నా సంగతి అలాగుండేది. నా ఈడు కుర్రాళ్ళంతా బైకుల మీదా, క్రికెట్టు మీదా మోజు పెంచుకుంటే, నేను పోయి పోయి పాత కీబోర్డుల మీద పెంచుకున్నాను. నవ్వకండి. ఇప్పుడు ఆఫీసుల్లో ఉండే కీబోర్డుల్లో మీటలన్నిటి కిందా ఒకటే రబ్బరు షీటు ఉంటుంది, నొక్కితే చల్లారిన అట్టు మీద వేలు పెట్టినట్టుంటుంది. పాతకాలం వాటిల్లో అలా కాదు. ఒక్కో మీట కింద ఒక్కో స్విచ్చి, దాని లోపల ఒక్కో స్ప్రింగు. నొక్కితే టిక్కుమని బదులు పలుకుతుంది. అలాంటివి పాత సామాన్ల కొట్లలో వెతికి కొని, స్విచ్చిలు ఊడదీసి, శుభ్రం చేసి, మనకి నచ్చిన పెట్టెలో మళ్ళీ బిగించుకోవడం నా సరదా. నాలాంటి వాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపు కూడా ఉండేది. (అందులో అందరూ పెళ్ళికాని వాళ్ళే. ఎందుకో నన్నడక్కండి.) మా అమ్మ మాత్రం తల కొట్టుకునేది. "ఇనప సామాన్లోడు మనింటికొచ్చి సామాను పట్టుకెల్తాడు గానీ, ఆడింటికెల్లి మనం తెచ్చుకోడమేట్రా!" అని.

మేం అప్పుడు నెల్లిమర్లలో ఉండేవాళ్ళం. నేను రోజూ విజయనగరం వెళ్ళి ఒక కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకునేవాణ్ణి. మా అప్ప (మా వైపు అక్కని అప్ప అంటాం) ఇంట్లో ఉండి గవర్నమెంటు ఉద్యోగానికి చదువుకునేది. టైపిస్టు ఉద్యోగం. రాత పరీక్ష ఎప్పుడు పెట్టినా దర్జాగా గట్టెక్కేసేది. తరవాత టైపు పరీక్ష ఉంటుంది చూడండి, అక్కడ బోల్తా పడేది. ఇంట్లో వడగళ్ళ వానలా టైపు కొట్టే మనిషికి ఆ హాల్లో కూచుంటే వేళ్ళు కొయ్యబారిపోయేవి. అలా ఒకసారి పోయింది, రెండోసారీ పోయింది. మూడోసారి రాత పరీక్షలో పేరొచ్చేసరికి ఇంట్లో ఎవరూ పైకి సంబరపడలేదు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, ఇంక దరఖాస్తు పెట్టుకోడానికే ఉండదు. అప్ప ఆ మాట ఎత్తేది కాదు. అన్నం మాత్రం సగం కంచంలోనే వదిలేసేది. అది చూడలేక బాగా ఆలోచించి, నాకు తెలిసిన ఒకే ఒక్క విద్యతో రోగం కనిపెట్టాను. "తప్పు నీ వేళ్ళది కాదే అప్పా, కీబోర్డుది. నీకు నేనొకటి తయారు చేసి ఇస్తాను, సూడు!" అన్నాను. పరీక్షకి సొంత కీబోర్డు తెచ్చుకోవచ్చని ఎవరో అన్నారు మరి. ఎవరన్నారో ఇప్పటికీ గుర్తు రాదు, బహుశా నేనే అనుకుని ఉంటాను.

బొబ్బిలిలో ఒక మాస్టారు ఎప్పట్నుంచో టైపూ కంప్యూటరూ నేర్పి, ఓపిక లేక ఆ మధ్యే సెంటరు మూసేశారు. ఆయన దగ్గర పాత కీబోర్డు ఒకటి ఉందని తెలిసి బస్సెక్కాను. ఆయన బీరువా మీంచి తువ్వాలు చుట్టిన మూట దింపి, విప్పి చూపించారు. రాయిలా బరువు. ఒక మీట నొక్కితే లోపల్నించి ఆ పలుకు వినపడింది, నా ప్రాణం లేచొచ్చింది. మీటలు మాత్రం ఒకటే పసుప్పచ్చగా ఉన్నాయి. పాత ప్లాస్టిక్కు ఎండకీ గాలికీ అలా రంగు తిరుగుతుందని గ్రూపులో చదివాను కాబట్టి పెద్ద నిపుణుడిలా తలాడించాను. "పార్ట్సుకి కావాలండి మాస్టారూ" అని నోరు జారాను. ఆయన మొహం మాడిపోయింది. "పార్ట్సుకా? ఇప్పేస్తావేటి? కంప్యూటర్లు ఎన్ని మారినా దీన్ని మాత్రం మార్చలేదయ్యా నేను!" అని మళ్ళీ తువ్వాలు చుట్టడం మొదలెట్టారు. అప్పుడు గబగబా మా అప్ప సంగతంతా చెప్పాను. ఆయన చుట్టడం ఆపి, "ఆడపిల్ల ఉద్యోగానికంటే ఇస్తాను. కానీ ఇవాళ శుక్రవారం. శుక్రవారం పూట ఇంట్లో వస్తువు గుమ్మం దాటించను. రేపు రా" అన్నారు. బతిమాలినా వినలేదు. మర్నాడు మళ్ళీ బొబ్బిలి బస్సు. ఈసారి ఆ కీబోర్డుకి దణ్ణం పెట్టుకుని మరీ నా చేతిలో పెట్టారాయన.

ఇంటికొచ్చి మీటలన్నీ ఊడబీకి బకెట్లో వేసి, బట్టల సబ్బు దండిగా రాసి రుద్దాను. రుద్దుతూ ఉండగానే చేతుల్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. మీటలు చూస్తే అవీ ఎరుపే! చేతులారా నాశనం చేశానని అక్కడే చతికిలబడి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. ఒకడు ప్లాస్టిక్కులో మందేదో బయటికొచ్చేస్తోందన్నాడు. ఇంకొకడు చేతులకి గ్లవ్సు వేసుకోమన్నాడు. మూడోవాడు అది విషమనీ, పశువులకి దూరంగా ఉంచమనీ రాశాడు. నేను గ్లవ్సు లేక పాలిథిన్ సంచీలు చేతులకి తొడుక్కుని బకెట్టు వీధిలోకి మోస్తూంటే అమ్మ ఎదురొచ్చింది. బకెట్లోకి తొంగి చూసింది. ఒక మీట తీసి వాసన చూసింది. ఇంక ఒకటే నవ్వు, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగదే! "ఒసే, ఇలారాయే, నీ తమ్ముడు కీబోర్డుకి పారాణి ఎట్టేసినాడు!" అని అప్పని కేకేసింది. "పసుపురా అది, ఎర్రిబాగులోడా! దసరాకి దసరాకి పూజ సేసి పసుపు రాసుంటాడు మీ మాస్టారు. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడదేటి? సబ్బూ అంతే. ఎండలో పడీ, అదే పోతాది." ఎండలో పడేశాను, పోయింది. గ్రూపులో మాత్రం, శాస్త్రీయ పద్ధతిలో బాగుచేశానని రాశాను.

పసుపుతో అయిపోలేదు. పూజంటే కొబ్బరికాయ కూడా కొడతారు కదా! ఆ నీళ్ళు ఏటేటా జల్లీ జల్లీ స్విచ్చిలన్నీ లోపల పాకం పట్టేసున్నాయి. నొక్కిన మీట నొక్కినట్టే ఉండిపోతుంది, పైకి రాదు. ఒక్కొక్కటీ విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాలి. ఆ స్ప్రింగులు ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, పట్టకారు జారిందంటే ఎటు ఎగురుతాయో తెలీదు. ఒకటి వెళ్ళి సరాసరి పప్పు గిన్నెలో పడింది. ఆ సంగతి నాన్న భోంచేస్తున్నప్పుడు తెలిసింది. ఆయన పంటికింద పడ్డదాన్ని తీసి వెలుగులో పట్టుకుని, "ఏటిది? పప్పులో ఏటేసేవే ఈయేల?" అని అమ్మనడిగారు. నేను పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి జారుకున్నాను. (స్ప్రింగు మాత్రం తరవాత తెచ్చి కడిగి వాడేశాను.) అప్ప రోజూ వచ్చి గడప దగ్గర నిలబడి, "ఎంతవరకొచ్చిందిరా?" అనేది. నేను తలెత్తకుండా "రెండ్రోజులు" అనేవాణ్ణి. ఆ రెండ్రోజులు పరీక్ష దాకా సాగాయి. ఈలోగా అప్ప ఇంట్లో ఉన్న ఆ రబ్బరు కీబోర్డు మీదే సాధన చేసుకుంటూ పోయింది.

పరీక్ష శ్రీకాకుళంలో. తెల్లారి బయల్దేరే వేళకి ఆఖరి మీట బిగించి, కీబోర్డుని అదే తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాను. బస్సులో అప్ప కిటికీలోంచి చూస్తూ కూచుంది. ఒళ్ళో చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఉంది. నేను మటుకు దారంతా మాట్లాడుతూనే ఉన్నాను. భయపడకే అన్నాను, నేనున్నానన్నాను, ఈ స్విచ్చిల్తో నీకు తిరుగే లేదన్నాను. గేటు దగ్గర కాపలా ఆయన నా చంకలో మూట చూసి, "ఏటిది బాబూ, హార్మనీ పెట్టా?" అన్నాడు. కీబోర్డన్నాను. "లోపలున్నాయి కదా! బయటివి పట్టుకెల్లనివ్వం" అన్నాడు. నేను ఊరుకుంటానా! అది మామూలు కీబోర్డు కాదన్నాను, మాస్టారు దణ్ణం పెట్టి ఇచ్చారన్నాను, పెద్దాఫీసర్ని పిలవమన్నాను. ఆయన చేతిలో పెట్టి నొక్కి చూడమని తువ్వాలు విప్పబోతే ముడి రాలేదు. ఎంతకీ రాలేదు. ముందు వాళ్ళూ వెనక వాళ్ళూ మమ్మల్నే చూస్తున్నారు.

అప్ప నా చేతుల మీద చెయ్యేసి ఆపింది. "ఒరే, ఇలా సూడు" అంది. చూశాను. నా చేతులు గాలికి అరిటాకుల్లా వణుకుతున్నాయి. "నీకేట్రా, పరీక్ష నీకా నాకా?" అంది. "నీకు పోతాదేమోనని నాకు బయంగా ఉందే అప్పా" అనేశాను, గేటు దగ్గర, అంతమంది ముందు. ఏడుపొచ్చేసింది కూడా. అప్ప ఒక క్షణం నన్ను చూసి ఫక్కున నవ్వింది. చాన్నాళ్ళకి నవ్వింది ఆ మనిషి! నా తల మీద ఒక్కటి మొట్టి, "ఇక్కడే కూకో, ఎక్కడికీ ఎల్లకు" అని, నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఉద్యోగం వచ్చింది. వచ్చిన రోజు ఇంట్లో అందరికీ మిఠాయి పంచుతూ నా వంతు రాగానే రెండు ఎక్కువ పెట్టింది. హాల్లో కీబోర్డు ఎలా ఉందే అనడిగాను, అప్పటికీ నా బుద్ధి పోనిచ్చుకోక. "ఏమోరా, సూడ్లేదు. కూకున్నాను, కొట్టేసాను" అంది. మరి వేళ్ళు కొయ్యబారలేదా అన్నాను. అప్ప చాలా మామూలుగా, లడ్డూ పళ్ళెం పక్కింటికి పట్టుకెళ్తూ చెప్పింది: "ఎందుకు బిగుస్తాయి? నా బయమంతా నువ్వే పడీసినావు కదా. ఇంట్లో ఒకలు పడితే సాల్దేటి?"

ఆ తరవాత ఎన్నో కీబోర్డులు కొన్నాను, విప్పాను, బిగించాను. కొన్నిటిని చూసి గ్రూపులో పెద్దపెద్ద వాళ్ళు కూడా శభాష్ అన్నారు. గేటు బయట మెట్టు మీద, విప్పని మూటొకటి ఒళ్ళో పెట్టుకుని ముక్కు ఎగబీలుస్తూ కూచున్న ఆ కుర్రాడు చేసినంత పని మాత్రం వాటిలో ఏదీ చెయ్యలేదు. పాపం, వాడికి ఆ సంగతి అప్పుడు తెలీదు.